చర్చిల్‌తో హైదరాబాద్ హిసాబ్

ఫిల్మ్ నగర్‌లో ఇంగ్లీషు దొరకు ఎప్పుడూ పని దొరుకుతుంది. 1974లో వచ్చిన "అల్లూరి సీతారామరాజు"లో రూథర్‌ఫర్డ్ దొరగా జగ్గయ్య చేసిన కారెక్టర్ మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. తెల్లోడి టోపీ పెట్టుకుని మంచి తెలుగు మాట్లాడిన దొర. (జగ్గయ్య గారు అప్పటికే ఒంగోలు నుంచి పార్లమెంటుకు వెళ్లొచ్చిన మనిషి. యాక్టరు సియాసత్‌లోకి వెళ్లడం మనకు ఎన్టీఆర్‌తో మొదలవలేదు.) ఆ పిక్చర్ తీసిన పద్మాలయా వాళ్లు తర్వాత ఇక్కడే స్టూడియో కట్టుకున్నారు. మొన్నటి "ఆర్ఆర్ఆర్" దాకా వస్తే గవర్నర్ దొర, దొరసాని ఇద్దరూ జాలిమ్‌లే. మన సినిమా దొరలందరూ దాదాపు ఒకే అచ్చులో పోసినట్టుంటారు: గుర్రం, కొరడా, కోపం.

అసలు కహానీ ఒకటి ఇన్నేళ్లుగా ఈ గుట్టల కిందే పడి ఉంది. ఇరవై ఒక్కేళ్ల ఇంగ్లీషు లెఫ్టినెంట్ ఒకడు గుర్రమెక్కి పోలో ఆడటానికి హైదరాబాద్ వచ్చాడు. మన గోల్కొండ రిసాలాను ఓడించాడు. రెసిడెంట్ సాబ్ కూతురిని చూసి దిల్ పోగొట్టుకున్నాడు. యాభై రెండేళ్ల తర్వాత, ముసలితనంలో, లండన్ పార్లమెంటులో లేచి హైదరాబాద్ కోసం గొంతు చించుకున్నాడు. అతని పేరు విన్‌స్టన్ చర్చిల్. ఇంత మసాలా ఉన్నా జూబ్లీహిల్స్‌లో ఏ ప్రొడ్యూసరూ దీన్ని ముట్టుకోలేదు. ముట్టుకుంటే రెండో సగం తీయాలి కదా, అక్కడే కష్టం. మొదటి సగం పోలో, రెండో సగం ఆపరేషన్ పోలో.

ముందు అతని ఖాందాన్ సంగతి. చర్చిల్ 1874 నవంబర్ 30న బ్లెన్‌హైమ్ ప్యాలెస్‌లో పుట్టాడు. అది అతని తాత, మార్ల్‌బరో డ్యూక్ గారి మహల్. ఆ వంశంలో మొదటి డ్యూక్ ఫ్రెంచి వాళ్ల మీద జంగ్ గెలిచినందుకు ఇంగ్లండ్ రాణి ఇచ్చిన జాగీరు. మన భాషలో చెప్పాలంటే ఇనాం. మన పాయగా నవాబులకు ఫౌజును పోషించమని జాగీర్లు ఇచ్చినట్టే అక్కడా భూమి, ఫౌజు, సర్కారు కొలువు మూడూ ఒకే ఇంట్లో ఉండేవి. తేడా మీరాస్‌లో. మన షరియత్‌లో తండ్రి ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు, భార్యకు అందరికీ హిస్సాలుగా పంచాలి. వాళ్ల దగ్గర పెద్ద కొడుకుకే మొత్తం పోతుంది, చిన్నవాళ్లు ఫౌజులోకో, చర్చిలోకో, పార్లమెంటులోకో వెళ్లి బతకాలి. చర్చిల్ తండ్రి లార్డ్ ర్యాండాల్ఫ్ చిన్న కొడుకు. అందుకే సియాసత్‌లోకి వెళ్లి 1885లో హిందుస్తాన్ వ్యవహారాలు చూసే మంత్రి అయ్యాడు. 1895 జనవరిలో చనిపోయాడు. డ్యూక్ పదవిలో ఉన్న అన్న కొడుక్కి అప్పటికి పిల్లల్లేరు. కాబట్టి 1896లో మన లెఫ్టినెంట్ హైదరాబాద్ స్టేషన్‌లో దిగిన రోజుకి కాగితం మీద ఆ మొత్తం జాగీరుకి వారసుడు అతనే. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో డ్యూక్‌కి కొడుకు పుట్టాడు. జాగీరు చేజారింది. పుట్టకపోయి ఉంటే చర్చిల్ డ్యూక్ అయి లార్డ్స్ సభలో కూర్చునేవాడు. కామన్స్ సభ ఉండేది కాదు, ప్రధానమంత్రి కుర్సీ దక్కడమూ కష్టమే.

అతని రెజిమెంట్ నాలుగో హుస్సార్స్. 1896 అక్టోబర్ మొదట్లో బొంబాయిలో దిగారు. ససూన్ డాక్‌లో పడవ నుంచి మెట్ల మీదకి ఎక్కబోతూ గోడకున్న ఇనుప కడియం పట్టుకున్నాడు, అల వచ్చి పడవ కిందికి దిగింది, కుడి భుజం కీలు జారింది. ఆ భుజం జీవితాంతం తిప్పలు పెట్టింది. పోలో ఆడాలంటే చేతిని కట్టుకట్టి శరీరానికి బిగించుకోవాల్సి వచ్చేది. మకాం బెంగళూరులో. రోజూ పొద్దున పరేడ్, సాయంత్రం పోలో, మధ్యలో మిద్దె కింద పుస్తకాలు, తోటలో గులాబీలు. కాలేజీ చదువు లేదన్న వెలితితో తల్లికి రాసి రోమన్ సల్తనత్ చరిత్ర, మెకాలే పుస్తకాలు తెప్పించుకుని గంటల తరబడి చదివాడు. బెంగళూరు క్లబ్‌లో 1899 నాటి ఖాతా పుస్తకంలో లెఫ్టినెంట్ చర్చిల్ పేరు మీద రాని బాకీ పదమూడు రూపాయలు ఇప్పటికీ రాసి ఉంది. క్లబ్బు వాళ్లు దాన్ని దాచి మరీ చూపిస్తారు. మనకి మాత్రం అతని కర్జా అంతకన్నా పెద్దది, ముందుకు పోతే తెలుస్తుంది.

ఇక నవంబర్ 1896. గోల్కొండ కప్పు టోర్నమెంట్. దక్కన్‌లో అప్పట్లో పోలో అంటే హైదరాబాదే. నగరంలోనూ, సికింద్రాబాద్ ఛావనీలోనూ కలిపి ఆరేడు టీములుండేవట. వాటన్నిటిలో మొనగాడు గోల్కొండ బ్రిగేడ్ టీము, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ గారి సొంత అశ్వదళం. దాన్ని పెంచి పోషించింది అఫ్సర్ జంగ్, తర్వాత అఫ్సరుల్ ముల్క్ అయిన సిపాహీ. ఆ రిసాలా గుర్తులు ఇంకా మన నోట్లోనే ఉన్నాయి. మాసబ్ ట్యాంక్ పక్కన "ఫస్ట్ లాన్సర్ దిగాలి" అని కండక్టర్‌తో చెప్పేవాళ్లలో ఎంతమందికి లాన్సర్ అంటే బల్లెం పట్టిన సవారీ అని తెలుసు? ఫిల్మ్ నగర్ గుట్ట మీద నిలబడి షేక్‌పేట వైపు చూస్తే కనిపించే కోట, గుంబజులు, ఆ కింది మైదానం, అంతా వాళ్ల ఇలాకా. ఇప్పుడు అక్కడ ఇండియన్ ఆర్మీ ఆర్టిలరీ సెంటర్ ఉంది. అప్పుడు జూబ్లీహిల్స్ లేదు, బంజారాహిల్స్ లేదు, బండరాళ్లూ సీతాఫలం చెట్లూ తప్ప.

చర్చిల్ 1930లో రాసుకున్న తన యవ్వనం కథలో ఈ టోర్నమెంట్‌కి చోటిచ్చాడు. మ్యాచ్‌కి ముందు ఫౌజు పరేడ్ జరిగింది. పెద్ద ఫిరంగులను ఏనుగులు లాక్కొచ్చాయి. ఒక్కో ఏనుగూ సలామీ దగ్గరికి రాగానే తొండం ఎత్తి సలాం కొట్టింది. తర్వాతి రోజుల్లో ఆ రివాజు తీసేశారట, ఎందుకంటే తెల్ల ప్రేక్షకుల్లో కొందరు తమీజ్ లేకుండా నవ్వారు, ఏనుగులకో మావటీలకో ఇజ్జత్ పోయినట్టయింది. ఈ చిన్న సంగతి రాసినందుకు అతన్ని నేను కొంచెం ఇష్టపడతాను.

మ్యాచ్ సంగతికొస్తే, జనం అంతా గోల్కొండ టీము గెలుస్తుందనే వచ్చారు. కొత్తగా దిగిన ఇంగ్లీషు రెజిమెంటుకి హిందుస్తాన్‌లో నిలదొక్కుకోవడానికే రెండు మూడేళ్లు పట్టేది. హుస్సార్స్ తొమ్మిది గోల్స్, గోల్కొండ మూడు. తర్వాతి రోజుల్లో మిగతా టీములనూ కొట్టి కప్పు పట్టుకుపోయారు. ఓడ దిగి యాభై రోజులు కాకముందే ఇంత పెద్ద టోర్నమెంట్ గెలిచిన ఫౌజు మరొకటి లేదని చర్చిల్ జీవితాంతం గొప్పలు చెప్పుకున్నాడు. ఒప్పుకోక తప్పదు, కట్టు కట్టిన చేత్తో ఆడాడు.

అప్పుడే ఆమెను చూశాడు. పమేలా ప్లౌడెన్. తండ్రి ట్రెవర్ ప్లౌడెన్ హైదరాబాద్ రెసిడెంట్, అంటే నిజాం పక్కన కూర్చున్న అంగ్రేజు సర్కారు. వాళ్ల బంగళా అంటే మీకు తెలిసిందే, కోఠీ. "కోఠీ" అన్న పేరే ఆ ఇంటి నుంచి వచ్చింది. జేమ్స్ కిర్క్‌పాట్రిక్ కట్టించిన ఆ పాలరాతి మెట్ల భవనంలో మన ఖైరున్నిసా బేగం కథ ఒకటి పండి రాలిపోయింది, అది వేరే రోజు చెప్పుకుందాం. ఆ మెట్ల మీదే మన అక్కచెల్లెళ్లు తరాల పాటు డిగ్రీలు చదివారు.

1896 నవంబర్ 4న చర్చిల్ తల్లికి ఖత్ రాశాడు. నిన్న మిస్ ప్లౌడెన్‌ను పరిచయం చేశారు, ఇంత అందగత్తెను ఇంతవరకూ చూడలేదు అన్నాడు. ఇద్దరం కలిసి ఏనుగెక్కి హైదరాబాద్ షహర్ చూద్దామనుకుంటున్నాం అన్నాడు. ఏనుగు ఎందుకో కూడా రాశాడు. నడిచి వెళ్తే షహర్ జనం తెల్లవాళ్ల మీద ఉమ్మేస్తారు, దాంతో గొడవ అవుతుంది అని!

ఈ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆలోచన పట్టుకుంది. మనకు చెప్పిన తారీఖ్‌లో హైదరాబాద్ అంటే అంగ్రేజుకి వఫాదార్ షహర్. 1857లో సాలార్ జంగ్ దర్వాజా మూసి తెల్లవాళ్లను కాపాడాడు అని పాఠం. కానీ అదే 1857 జులైలో తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అలావుద్దీన్ ఈ రెసిడెన్సీ మీదే దండెత్తారు. తుర్రేబాజ్ ఖాన్‌ని చంపి శవాన్ని బహిరంగంగా వేలాడదీశారు, మౌల్వీ సాబ్‌ని అండమాన్ పంపారు. అంటే దర్బారు వఫాదారీ ఒకటి, చార్మినార్ గల్లీ మనసు మరొకటి. ఇరవై ఒక్కేళ్ల కుర్ర అఫ్సర్ రెండు రోజుల్లో పసిగట్టిన ఈ ఫరఖ్‌ని మన పెద్దమనుషులు 1948 దాకా పట్టించుకోలేదు. షహర్ ఒక మాట అనుకుంటోంది, కోఠీకి వెళ్లొచ్చే నవాబులు మరో మాట అనుకుంటున్నారు.

మొహబ్బత్ నిలవలేదు. చర్చిల్ దగ్గర అప్పటికి జాగీరు పోయింది, జీతం చాలదు. పమేలా 1902లో లార్డ్ లిటన్‌ను చేసుకుంది. ఆయన తర్వాత బెంగాల్ గవర్నర్ అయ్యాడు. ఇద్దరూ ముసలివాళ్లయ్యే దాకా దోస్తీ మాత్రం ఉంచుకున్నారు.

ఫౌజులో చర్చిల్ ఉన్నది నాలుగున్నరేళ్లు కూడా లేదు. 1897లో సరిహద్దు పఠాన్‌ల మీద మాలాకండ్ జంగ్‌కి పోయాడు. చేతిలో కత్తి, జేబులో అఖ్బార్ పని. లండన్ డైలీ టెలిగ్రాఫ్‌కీ, అలహాబాద్ పయనీర్‌కీ ఖబర్లు పంపాడు. మా బిరాదరీ మనిషే అన్నమాట. ఊళ్లు కాల్చడం, బావులు పూడ్చడం చూశాడు, రాశాడు, తప్పనిసరి అని సమర్థించాడు కూడా. 1898లో సూడాన్. ఉమ్దుర్మాన్ మైదానంలో మెషిన్ గన్లు మహదీ దర్వేష్‌లను వేలల్లో నేలకూల్చడం చూశాడు. దాని మీద రాసిన పుస్తకం 1899 ముద్రణలో ఇస్లాం గురించి చాలా ఘాటు మాటలున్నాయి. ఈ రోజుకీ కొందరు వాట్సాప్‌లో అవి తిప్పుతుంటారు. 1902లో కుదించి వేసిన ముద్రణలో వాటిని అతనే తీసేశాడన్నది ఆ వాట్సాప్‌లో ఉండదు. 1907లో కాబోయే మరదలు ఒకామె "నువ్వు ఇస్లాంలోకి మారిపోకు బాబూ" అని బతిమాలుతూ ఖత్ రాసిందన్నదీ ఉండదు. మన బట్టలు, మన తూర్పు దేశాల తళుకు అంటే అతనికి అంత మోజు. దాన్నీ మరీ ఎక్కువ చేయకండి. మోజు వేరు, హక్కులివ్వడం వేరు.

1899లో రాజీనామా చేశాడు. ఓల్డామ్‌లో నిలబడి ఓడాడు. దక్షిణాఫ్రికాలో బోయర్ల చేతికి చిక్కి జైలు గోడ దూకి పారిపోయాడు, ఆ పేరుతో 1900లో అదే ఓల్డామ్‌లో గెలిచాడు. కన్సర్వేటివ్ పార్టీలో మొదలుపెట్టి 1904లో లిబరల్స్‌లోకి దూకాడు, 1924లో మళ్లీ వెనక్కి. మన జూబ్లీహిల్స్ ఎమ్మెల్యేలు పార్టీ మారితే ఎంత గోల చేస్తాం! 1921లో దూరపు బంధువు రైలు ప్రమాదంలో పోతే ఐర్లండ్‌లో ఒక ఎస్టేటు కలిసొచ్చింది. ఆ ధైర్యంతో మరుసటి ఏడాది కెంట్‌లో చార్ట్‌వెల్ అనే బంగళా, సుమారు ఎనభై ఎకరాలు కొన్నాడు. అలా చివరికి అతనూ భూస్వామి అయ్యాడు. రెండో జంగ్ తర్వాత ఖర్చులు భరించలేక అమ్మకానికి పెట్టబోతే దోస్తులు చందాలు వేసి కొని, బతికినన్నాళ్లు నువ్వే ఉండు అన్నారు. మన జాగీర్దార్లకి 1949 ఆగస్టు 15న జాగీర్లు రద్దయినప్పుడు అలాంటి దోస్తులు ఎవరూ దొరకలేదు.

హిందుస్తాన్ విషయంలో మాత్రం పార్టీ ఏదైనా అతని మాట ఒకటే: వదలకూడదు. గాంధీజీని సగం బట్టల ఫకీరు అని వెక్కిరించింది 1931లో. 1935 చట్టాన్ని ఏళ్ల తరబడి అడ్డుకున్నాడు. 1943లో బెంగాల్‌లో కరువొచ్చి దాదాపు ముప్పై లక్షల మంది చనిపోయారు. వాళ్లలో ముసల్మాన్ రైతుకూలీలు ఎంతమందో! ఓడలు ఇవ్వమని వైస్రాయ్ అడుగుతుంటే లండన్ క్యాబినెట్ కోతలు పెట్టింది. ప్రధానమంత్రి చర్చిల్. అతని కోసం వకాలత్ చేసేవాళ్లు కరువుకి జంగ్, తుపాను, ప్రాంతీయ సర్కారు, వ్యాపారుల దాపరికం కారణాలంటారు. అవన్నీ ఉన్నాయి. ఓడలు ఎవరి చేతిలో ఉన్నాయన్నదీ ఉంది.

అదే మనిషి క్యాబినెట్, బాంబులు పడుతున్న 1940 అక్టోబర్‌లో, లండన్‌లో మసీదు స్థలం కోసం లక్ష పౌండ్లు మంజూరు చేసింది. ఈ రోజు రీజెంట్స్ పార్క్ దగ్గర బంగారు గుంబజుతో కనిపించే మసీదు కథలో అదొక మెట్టు. సల్తనత్ ఫౌజులో లక్షల మంది ముస్లిం సిపాహీలు కొట్లాడుతున్నారు, వాళ్లకి ఏదో ఒకటి చూపించాలి. మన నిజాం డబ్బు కూడా ఆ జంగ్‌లో గాల్లో ఎగిరింది. మొదటి జంగ్‌లోనే ఒక విమాన దళాన్ని కొనిచ్చినందుకు దానికి హైదరాబాద్ పేరు పెట్టారు. రెండో జంగ్‌లో 152వ స్క్వాడ్రన్ "హైదరాబాద్" స్పిట్‌ఫైర్‌లు బ్రిటన్ ఆకాశాన్ని కాపాడే పోరులో జర్మన్ల మీద దాడి చేశాయి. 1918లో మీర్ ఉస్మాన్ అలీ ఖాన్‌కి బ్రిటిష్ సర్కారు ఇచ్చిన బిరుదు: విశ్వాసపాత్రుడైన మిత్రుడు. యార్-ఎ-వఫాదార్. ఇచ్చింది కాగితం. తీసుకున్నది కోట్ల రూపాయలు.

ఇప్పుడు రెండో సగం.

1947 జులైలో బ్రిటిష్ పార్లమెంటు హిందుస్తాన్ స్వాతంత్ర్య చట్టం పాస్ చేసింది. దాని ఏడో సెక్షన్ చిన్నది. ఆగస్టు 15 నుంచి సంస్థానాల మీద బ్రిటిష్ రాజు అధికారం పోతుంది, దాంతోపాటు ఆ సంస్థానాలతో ఉన్న ఒప్పందాలన్నీ పోతాయి. నూటయాభై ఏళ్ల వాదాలు ఒక్క వాక్యంలో ఖతం. ఆ బిల్లుకి చర్చిల్ పార్టీ అడ్డు ఓటు వేయలేదు. ఈ ముక్క గుర్తుంచుకోండి.

హైదరాబాద్ తరఫున మాట్లాడుతున్న వకీలు సర్ వాల్టర్ మాంక్టన్. మొదటి జంగ్‌లో ఫౌజు అఫ్సర్, మెడల్ పొందినవాడు. తర్వాత లండన్‌లో పేరున్న బారిస్టర్. చర్చిల్‌కి దగ్గరివాడు, 1945లో అతని చిన్న ప్రభుత్వంలో సొలిసిటర్ జనరల్ కూడా. తెలివైన మనిషి. ఢిల్లీతో ఏదో ఒక రాజీ చేసుకోక తప్పదని అతనికి తెలుసు. 1947 అక్టోబర్ 27 తెల్లవారుజామున, మాంక్టన్, ఛతారీ నవాబు, సుల్తాన్ అహ్మద్ ఒప్పందం కాగితాలతో ఢిల్లీకి బయల్దేరాల్సి ఉండగా, ఇత్తెహాద్ జనం వాళ్ల ఇళ్లను చుట్టుముట్టారు. ప్రయాణం ఆగింది. ఖాసిం రజ్వీ గెలిచాడు. ఛతారీ వెళ్లిపోయి మీర్ లాయక్ అలీ వజీర్-ఎ-ఆజం అయ్యాడు. నవంబర్ 29న దాదాపు అవే షరతుల మీద ఏడాది యథాతథ ఒప్పందం సంతకమైంది, కానీ నమ్మకం అప్పటికే పోయింది.

1948 జూన్‌లో చివరి బాతచీత్ చెడింది. మౌంట్‌బాటన్ వెళ్లిపోయాడు. మాంక్టన్ లండన్ వెళ్లి తన పార్టీ పెద్దలకి హైదరాబాద్ గోడు చెప్పాడు. జులై 30న కామన్స్ సభలో ప్రతిపక్ష నాయకుడు చర్చిల్ లేచాడు. అవసరమనుకుంటే హైదరాబాద్ మీద ఫౌజు చర్య మొదలుపెడతాం అని నెహ్రూ అన్న మాటను పట్టుకుని, ఆస్ట్రియాను మింగే ముందు హిట్లర్ మాట్లాడినట్టుంది అన్నాడు. మన పాత వఫాదార్ దోస్తుని గొంతు నులుముతుంటే చూస్తూ ఊరుకోవడం మన ఇజ్జత్‌కి తగదన్నాడు. ప్రధాని అట్లీ ఒప్పుకోలేదు. సభ ముగిసింది. ఇంగ్లండ్ నుంచి ఒక్క తుపాకీ, ఒక్క సంతకం రాలేదు.

హైదరాబాద్‌లో మాత్రం ఆ తక్రీర్ పండగలా వచ్చి పడింది. మా ఇంట్లో బుజుర్గులు చెప్పుకునేవారు, చాయ్‌ఖానాల్లో చర్చిల్ పేరు మన మామూజాన్ పేరులా వినిపించేదని. చర్చిల్ మనవైపున్నాడు, లండన్ ఊరుకోదు, యూఎన్ ఊరుకోదు. మీ ఇళ్లలోనూ విని ఉంటారు. నేను ఉర్దూ మీడియం బడిలో చదువుకున్న రోజుల్లో కూడా ఆ మాట అక్కడక్కడా మిగిలే ఉంది. నా అభిప్రాయం చెప్పనా? ఆ తక్రీర్‌లో హైదరాబాద్ ఒక సాకు. లక్ష్యం అట్లీ. హిందుస్తాన్‌ని తొందరపడి వదిలేశారు, చూడండి రక్తపాతం అని నిరూపించడం అతనికి కావాలి. ఏడాది కింద ఆ ఏడో సెక్షన్ పాసవుతుంటే గట్టిగా పట్టుకోని ఒప్పందాల కోసం ఏడాది తర్వాత కన్నీళ్లు పెట్టుకోవడం ఏం దోస్తీ? పాపం మాంక్టన్ మనసు శుభ్రమైనదే అనుకుంటాను. చర్చిల్‌ది అంత శుభ్రం అనుకోలేను.

ఆ ఉమీద్ ఊరికే పోలేదు. రాజీకి ఉన్న చివరి సందులు మూసుకుపోవడానికి పనికొచ్చింది. లండన్ ఉంది కదా అన్న ధీమాతో నవాబులు కూర్చున్నారు, ఊళ్లలో రజాకార్లు జుల్మ్ చేస్తూనే ఉన్నారు. హిందూ రైతులు, కమ్యూనిస్టులు, అడ్డు చెప్పిన ముసల్మాన్లు, ఎవరినీ వదల్లేదు. ఆగస్టు 21న హైదరాబాద్ సర్కారు యూఎన్ భద్రతా మండలికి ఫిర్యాదు తంతి పంపింది. సరిగ్గా ఆ రాత్రే "ఇమ్రోజ్" అఖ్బార్ ఎడిటర్ షోయబుల్లా ఖాన్ ఆఫీసు నుంచి ఇంటికి పోతుండగా రజాకార్లు దాడి చేసి చెయ్యి నరికారు. తెల్లారేసరికి షహీద్ అయ్యాడు. హిందుస్తాన్‌లో కలవడమే మేలని ఉర్దూలో రాసినందుకు. వయసు ముప్పై లోపే. లండన్ ముసలాయన తక్రీర్‌ని గుర్తుపెట్టుకున్న మన ఇళ్లలో ఈ కుర్రాడి పేరు ఎంతమందికి తెలుసు?

సెప్టెంబర్ 11న కరాచీలో జిన్నా సాబ్ పోయారు. 13న హిందుస్తాన్ ఫౌజు నలువైపుల నుంచి లోపలికి వచ్చింది. ఆ ఆపరేషన్ పేరు పోలో. హైదరాబాద్‌లో పదిహేడు పోలో మైదానాలున్నాయని ఆ పేరు పెట్టారంటారు. 16న భద్రతా మండలి పారిస్‌లో సమావేశమైంది, మొయిన్ నవాజ్ జంగ్ గోడు వెళ్లబోసుకున్నాడు. 17న నిజాం లొంగిపోయాడు. 18న జనరల్ ఎడ్రూస్ జనరల్ చౌదరికి లొంగుబాటు కాగితం ఇచ్చాడు. 22న నిజాం ఫిర్యాదు వాపసు తీసుకున్నాడు. ఐదు రోజుల ఆట.

తర్వాత జరిగింది ఆట కాదు. పండిట్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫ్ఫార్ కమిటీని నెహ్రూ స్వయంగా పంపాడు. 1948 నవంబర్, డిసెంబర్‌లలో వాళ్లు జిల్లాలు తిరిగారు. పోలీస్ యాక్షన్ సమయంలో, ఆ తర్వాత చనిపోయినవాళ్లు ఇరవై ఏడు వేల నుంచి నలభై వేల దాకా ఉంటారన్నది వాళ్ల జాగ్రత్త అంచనా. ఎక్కువ నాశనం ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో. కొన్నిచోట్ల హిందూ పొరుగువాళ్లు ప్రాణాలకు తెగించి ముసల్మాన్లను దాచారని కూడా అందులో రాశారు. ఆ నివేదిక దశాబ్దాల పాటు బయటికి రాలేదు, 2013 ప్రాంతంలో గానీ మామూలు జనం చదవలేకపోయారు. చనిపోయినవాళ్లలో చర్చిల్ పేరు విన్నవాళ్లు ఎంతమంది ఉంటారు! నేతగాళ్లు, చిన్న కాస్తకార్లు, పేట మసీదు మౌజన్లు. గోల్కొండ కప్పు చూడ్డానికి వాళ్లనెవరూ పిలవలేదు, యూఎన్‌కి తంతి పంపేటప్పుడూ అడగలేదు.

1951 అక్టోబర్‌లో చర్చిల్ మళ్లీ ప్రధానమంత్రి అయ్యాడు. ఇప్పుడు తక్రీర్ కాదు, హకూమత్ చేతిలో ఉంది. మాంక్టన్ అతని క్యాబినెట్‌లో కార్మిక మంత్రి. హైదరాబాద్ ఊసు ఎత్తలేదు. ఎత్తడానికి ఏముంది, వఫాదార్ దోస్త్ ఉస్మాన్ అలీ ఖాన్ అప్పటికి హిందుస్తాన్ రాజ్యాంగం కింద హైదరాబాద్ రాజప్రముఖ్. నెహ్రూతో చర్చిల్‌కి ముసలితనంలో దోస్తీ కుదిరింది. ఇద్దరూ హ్యారో బడిలో చదివినవాళ్లే, ఏళ్ల తేడాతో. 1955లో నెహ్రూకి రాసిన ఖత్‌లో చర్చిల్ అతన్ని ఆసియా జ్యోతి అన్నాడు. ఏడేళ్ల కింద హిట్లర్‌తో పోల్చిన మనిషినే.

లండన్‌లో మన సొమ్ము మాత్రం మిగిలింది. 1948 సెప్టెంబర్‌లో గందరగోళం మధ్య పది లక్షల పౌండ్ల పైచిలుకు సొమ్ము లండన్‌లో పాకిస్తాన్ హైకమిషనర్ పేరు మీదకి బ్యాంకులో మారింది. నిజాం అది తన అనుమతి లేకుండా జరిగిందన్నాడు, బ్యాంకు ఎవరికీ ఇవ్వలేదు. 2019 అక్టోబర్‌లో లండన్ హైకోర్టు తీర్పు వచ్చేసరికి అది మూడున్నర కోట్ల పౌండ్లయింది. హిందుస్తాన్‌కీ, నిజాం వారసులకీ దక్కింది. వడ్డీ పైసలతో సహా లెక్క తేలింది.

సుందర్‌లాల్ నివేదికలో అంకెలున్నాయి, పేర్లు లేవు. బీదర్ నుంచో ఉస్మానాబాద్ నుంచో ఆ ఏడాది హైదరాబాద్‌కి వచ్చి పడ్డ ఖాందాన్‌లు మన ముహల్లాల్లో చాలా ఉన్నాయి. అప్పటి పిల్లలకి ఇప్పుడు ఎనభై దాటింది. మీ ఇంట్లో అలాంటి నానీ, దాదా ఉంటే ఊరి పేరు, పోయినవాళ్ల పేర్లు ఒక కాపీలో రాసిపెట్టండి. నాకు పంపినా సరే, ఇక్కడ వేస్తాను.